తూర్పు లంకసీమా, ఉన్నావా?

మంగళవారం. గాలి ఈశాన్యం నుంచి. అల మామూలు. పిలుపుకి తెప్పలన్నీ పలికాయి.

ఈ లాగ్ పుస్తకంలో ఇంతకు మించి రాయకూడదని రూలు. గాలి, అల, పలికినవాళ్ళు, పలకనివాళ్ళు, అంతే. మా అమ్మ ఈ పిలుపు గదిలో కూర్చున్నన్నాళ్ళూ అంతే రాసింది. నేను అమ్మను కాను. నాకు కడుపుమంటగా ఉంది. రాస్తాను.

పొద్దున ఎప్పటిలాగే మైకు దగ్గర కూర్చుని "లంకసీమా, ఉన్నావా?" అని పిలిచాను. ఒక్కో తెప్ప మీద నుంచి బూర మోగింది. మోగని తెప్పకి పడవ పంపుతాం. తాడు తెగి కొట్టుకుపోయారో, జ్వరమొచ్చి పడుకున్నారో, దోపిడీ పడవలవాళ్ళు ఎక్కారో చూడాలి కదా. చిన్నప్పుడే పిల్లలకి ఒకటి నేర్పుతాం. పిలిచే పేరు తేడాగా ఉన్నా, పిలిచే గొంతు తేడాగా ఉన్నా పలకొద్దు అని. ఒకప్పుడు దోపిడీవాళ్ళు ఈ గదిలోకే ఎక్కి, పిలిచే మనిషి మెడమీద కత్తి పెట్టి పిలిపించారు. పలికిన తెప్పలన్నీ ఆ రోజు ఖాళీ అయిపోయాయి.

పిలుపయ్యాక చీపురు పట్టుకుని కప్పెక్కాను. సోలార్ పలకల మీద ఉప్పు గీకకపోతే మధ్యాహ్నానికి మంచినీళ్ళ యంత్రం ఆగిపోతుంది. గీకుతూ ఉంటే కింద రేడియోలో ఆ గొంతు మొదలైంది. "ఇది లంకసీమ వాణి. శ్రోతలందరికీ నమస్కారం." ఎంత తీయగా అంటుందో! ఎవరో పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతున్నట్టు, ఏ తొందరా లేకుండా అంటుంది.

అది గట్టువాళ్ళ రేడియో. సముద్రం మా ఊళ్ళ మీదికొచ్చినప్పుడు సగం మంది కొండలెక్కి ఊళ్ళు కట్టుకున్నారు. మిగతా సగం డ్రమ్ములు కట్టుకుని మునిగిన ఊళ్ళ మీదే తేలుతూ ఉండిపోయాం. వాళ్ళూ లంకసీమ అనే పెట్టుకున్నారు, మేమూ లంకసీమ అనే ఉంచుకున్నాం. రెండు దేశాలకీ ఒకటే పేరు, అరవై ఏళ్ళుగా ఒకటే గొడవ.

రేడియోలో ఆ గొంతు మా చెల్లెలు వీరమణిది. గట్టు కుర్రాడు త్రినాథ్‌ని చేసుకుని వెళ్ళింది. కాలి కింద మట్టి, పెరట్లో జామచెట్టు, కుళాయి తిప్పితే నీళ్ళు. చాలదన్నట్టు ఆ దేశానికి గొంతయి కూర్చుంది. అమ్మ పోయేముందు మైకు నా చేతికిచ్చి ఏమందో తెలుసా? "గొంతు వీరమణిదే బాగుండును గానీ, అది వెళ్ళిపోయింది కదే" అంది. నా చేతిలో మైకు పెడుతూ అన్న మాట అది!

ఉప్పు గీకడం అవకముందే ప్రెసిడెంటు ప్రకాశం గారు రొప్పుతూ వచ్చారు.

"నూకరత్నమ్మా, కూటమి నుంచి కబురొచ్చిందమ్మా. మనల్ని చేర్చుకుంటారంట."

"మరి ఆ మొహమేంటండి అలా ఉంది?"

"గట్టోళ్ళు అడ్డం పడ్డారమ్మా. వాళ్ళు పాత సభ్యులు కదా, ఒక్కళ్ళు కాదన్నా కుదరదు. పేరు మార్చుకుంటేనే ఒప్పుకుంటారంట."

తీరంలోని దేశాలన్నీ కట్టిన ఆ కూటమిలో చేరితే వాళ్ళ డేగలు మా నీళ్ళ మీద కాపలా తిరుగుతాయి. డేగలంటే మనిషి లేకుండా ఎగిరే యంత్రాలు. పోయిన నెల నాచు కోతకి వెళ్ళిన మావుళ్ళు పడవని దోపిడీవాళ్ళు పట్టుకుపోయారు. పడవా రాలేదు, మావుళ్ళూ రాలేదు. నాచు పడవల్లో మా ఆయన సింహాచలం కూడా రెండు మూడు రోజులకోసారి వెళ్తాడు. వెళ్ళిన ప్రతిసారీ తిరిగొచ్చేదాకా నాకు ముద్ద దిగదు.

అంటే మొగుడు కావాలా, పేరు కావాలా అని అడుగుతున్నారు. అడిగేది మా చెల్లెలి గొంతుతో.

గురువారం. గాలి తగ్గింది. అల మామూలు. అందరూ పలికారు.

సరిహద్దులో లంగరేసిన బల్లకట్టు మీద రెండు దేశాల పెద్దలూ కూర్చున్నారు. కాగితం మీద ఏ పేరు రాసినా ముందు రెండు వైపుల పిలిచేవాళ్ళూ నోటితో అని చూడాలని మా రెండు దేశాల్లోనూ ఆనవాయితీ. అందుకని నన్నూ తీసుకెళ్ళారు, వీరమణినీ తీసుకొచ్చారు.

తొమ్మిదేళ్ళ తర్వాత చూశాను. ముందు కాళ్ళకేసి చూశాను. ఒక్క పగులు లేదు. జుట్టు నున్నగా మెరుస్తోంది. నా జుట్టు ఉప్పుకి చీపురు కట్టయింది.

"అక్కా, సన్నబడిపోయావేంటే?"

"ఉప్పుగాలి తిని లావెక్కుతారేంటే ఎవరైనా?"

"జామకాయలు తెచ్చాను. మా పెరట్లోవే."

మా పెరట్లోవే! ఆ మాట అనకుండా ఇవ్వొచ్చు కదా.

"బావ బాగున్నాడా?"

"ఉన్నాడు. నాచుకెళ్ళాడు. మీరు ఊఁ అనేదాకా ఆ నీళ్ళల్లో దేవుడే దిక్కు."

తల దించుకుంది. "నా చేతిలో ఏవుందక్కా? వాళ్ళు రాసిచ్చింది చదూతాను. ముందు 'తూర్పు' అని ఒక్క మాట పెట్టుకోండే, చాలంట."

"మీరు పెట్టుకోండి 'పడమర' అని. మునిగిన ఊళ్ళ మీద ఉన్నది మేము. పేరు మాది."

బల్లకట్టు అంచు దగ్గర నిలబడి నీళ్ళల్లోకి చూస్తూ అడిగింది. "అక్కా, నీళ్ళు తేటపడ్డప్పుడు అడుగున మన పాత వీధి ఇంకా కనపడతదా?"

"రోజూ కనపడతది. వాటర్ ట్యాంకు, బడి మెట్లు, మనింటి అరుగు, అన్నీ. పొద్దున్నే అవి చూసే మొహం కడుక్కుంటాం."

పచ్చి అబద్ధం. బురద పేరుకుని రెండేళ్ళ నుంచి ఏమీ కనపడటం లేదు. దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు హాయిగా అనిపించింది. ఛీ అనుకుంటే అనుకోండి, హాయిగానే అనిపించింది.

సాయంత్రానికి తేల్చారు. మేము తూర్పు లంకసీమ. వాళ్ళు ఉత్త లంకసీమ. ఇద్దరం నోటితో అని చూపించాలి. వీరమణి "తూర్పు లంకసీమ" అంటే నిజంగా అక్కడేదో దేశం ఉన్నట్టుంది. నేనంటే పుక్కిలించి ఊసినట్టుంది. పెద్దలు దాని వైపే చూసి తలాడించారు.

జామకాయలు ముట్టుకోనన్నాను. తిరిగొచ్చేటప్పుడు పడవలో నాలుగు తిన్నాను. ఎంత తియ్యగా ఉన్నాయో, అంత ఒళ్ళు మండింది.

ఆదివారం. చినుకులు. అల కొంచెం ఎక్కువ. అందరూ పలికారు. పాత పేరుతో ఇదే ఆఖరి పిలుపు.

కూటమివాళ్ళు తెప్పతెప్పకీ కొత్త పెట్టెలు బిగించి వెళ్ళారు. ఇకనుంచి నా పిలుపు ఉమ్మడి లైన్లో వెళ్తుంది. బూరలన్నీ ఆ పెట్టెలు విని కూటమికి చేరవేస్తాయి. మూడుసార్లు పిలిచినా సగం తెప్పలైనా పలకకపోతే దేశాన్ని శత్రువు పట్టుకున్నాడని లెక్క. వెంటనే డేగలు లేస్తాయి. గుర్తు బిళ్ళ లేకుండా నీళ్ళ మీద కదిలే ప్రతి పడవనీ ముంచేస్తాయి.

"మా పడవలకి బిళ్ళలేవీ?" అని అడిగాను.

"వచ్చే వారం పంపుతాం. పిలిస్తే పలుకుతారు కదమ్మా, భయమెందుకు?" అన్నాడు బిగించినాయన.

వాళ్ళు వెళ్ళాక మైకు పరీక్ష చేశాను. "లంకసీమ" అన్నాను. ఏమీ రాలేదు. మళ్ళీ అన్నాను. రాలేదు. "తూర్పు లంకసీమ" అన్నాను, గదంతా మోగింది. 'తూర్పు' లేకుండా ఆ పేరు నా నోటి నుంచి వస్తే యంత్రం మింగేస్తుందట. గట్టు నుంచి వస్తేనే పోనిస్తుందట. ఒప్పందంలో ఉందట.

నా నోట్లోంచి కూడా లాక్కుని దానికి ఇచ్చారన్నమాట. చిన్నప్పుడు నా లంగా, నా గాజులు, అమ్మ పక్కన నా చోటు. ఇప్పుడు ఇది కూడా. ఏడుపు ఆగలేదు. మంచినీళ్ళ యంత్రం తుడుస్తూ ఏడ్చాను, ఎవరైనా చూస్తే ఉప్పు పడిందని చెప్పాను.

సింహాచలం పొద్దున నాచుకి బయలుదేరాడు. "రేపు పిలుపు టయానికి వచ్చేత్తాం. ఇకనించి డేగలుంటాయి కదా, నువ్వు అన్నం తినేసెయ్" అని నవ్వి వెళ్ళాడు.

సోమవారం. గాలి లేదు. అల లేదు. మొదటి పిలుపుకి ఎవరూ పలకలేదు.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మైకు పట్టుకుని "తూర్పు లంకసీమా, ఉన్నావా?" అన్నాను. ఎలా అన్నానో నాకే తెలుసు. పళ్ళ బిగువున అన్నాను. వీరమణి అన్నట్టు అనకూడదని అన్నాను.

ఒక్క బూర కూడా మోగలేదు.

నిజం చెప్పాలంటే ముందు నాకు ఆనందమేసింది. నా జనం! ఆ దిక్కుమాలిన పేరుకి పలకరు నా జనం, అనుకున్నాను. ఒక్క క్షణమే. తర్వాత పక్క తెప్ప మీద ఉన్న ఓబులమ్మ పిల్లల్ని లోపలికి తోసి తలుపేసుకోవడం కనపడింది. అప్పుడు అర్థమైంది. పేరు తేడా. గొంతు తేడా. నా మెడమీద ఎవడో కత్తి పెట్టాడనుకున్నారు. కొత్త పేరు సంగతి అందరికీ తెలుసు, మీటింగులో చప్పట్లు కూడా కొట్టారు. అయినా నా గొంతు వినగానే చిన్నప్పుడు నేర్చుకున్నదే చేశారు. పక్క తెప్ప పలికితే పలుకుదామని ప్రతి తెప్పా పక్క తెప్పకేసి చూసింది.

రెండోసారి పిలిచాను. భయంతో గొంతు వణికింది. ఇంకేం, వాళ్ళకి ఖాయమైపోయింది. మూడోసారి సగంలో దగ్గొచ్చింది.

ఉమ్మడి లైన్లో కూటమి ఆఫీసరు గొంతు వినపడింది. "తూర్పు లంకసీమ నుంచి జవాబు లేదు. డేగలు లేస్తున్నాయి."

"అయ్యా, మేం బాగానే ఉన్నామండి! ఎవరూ రాలేదండి!"

"మెడమీద కత్తి ఉన్నవాళ్ళు కూడా అదే చెబుతారమ్మా. మాకు బూరలు వినపడాలి."

తూర్పున, దూరంగా, నాచు పడవల తెరచాపలు కనపడుతున్నాయి. చెప్పిన టైముకే వస్తున్నాడు మహానుభావుడు. ఉత్తరాన ఆకాశంలో నల్లగా చుక్కలు లేచాయి.

పాత పేరుతో పిలిస్తే పలుకుతారు. ఆ పేరు నా నోటి నుంచి రాదు. వచ్చేది ఒక్క చోటి నుంచే.

ఉమ్మడి లైన్లోనే పిలిచాను. "వీరమణీ! ఒసేయ్ వీరమణీ, వింటున్నావా?"

"అక్కా, వింటున్నాను. అన్నీ విన్నాను."

"మా వాళ్ళని పిలువే. పాత పేరుతో పిలువు. మీ బావ నీళ్ళల్లో ఉన్నాడే!"

అవతల ఎవరో మగవాళ్ళు "వద్దు, వద్దు, అలా పిలిస్తే పేరు వాళ్ళదని మనమే ఒప్పుకున్నట్టు" అంటున్నారు. అది ఆగింది. నాకు తెలుసు అది దేనికి ఆగిందో. ఉద్యోగం పోతుంది. అప్పుడు నేను పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అనని మాట అన్నాను.

"నీ గొంతు బాగుంటాదే. నీ గొంతయితే పలుకుతారు. నాకు పలకట్లేదే, తల్లీ."

ఇక ఆగలేదు. "లంకసీమా..." అని అమ్మలాగే చివర సాగదీసి, ఏ తొందరా లేకుండా, "ఉన్నావా?" అని పిలిచింది.

ఆ పిలుపు తెప్పల మీది పెట్టెలన్నిటిలో మోగింది. రోజూ రేడియోలో వినే గొంతు. చిన్నప్పటి నుంచి తెలిసిన పేరు. తలుపులు తెరుచుకున్నాయి. ఓబులమ్మ బూర మోగింది, దాని వెనక ఇంకోటి, ఇంకోటి. నీళ్ళ మీద అంత చప్పుడు నేనెప్పుడూ వినలేదు. నేను పిలిచినప్పుడు కూడా వినలేదు. డేగలు నాచు పడవల మీదికి వచ్చి, ఒక చుట్టు తిరిగి, వెనక్కి పోయాయి.

సింహాచలం తెప్ప ఎక్కి తడి చేతులతోనే నన్ను పట్టుకున్నాడు. పట్టుకుని ఏమన్నాడు? "మీ చెల్లెలి గొంతు పడవలోకి కూడా ఇనపడిందే. అబ్బ, ఏం పిలిచిందే!"

బతికొచ్చిన మొగుణ్ణి నీళ్ళల్లోకి తోసెయ్యాలనిపించింది.

బుధవారం. గాలి దక్షిణం నుంచి. అల మామూలు. పిలుపు లేదు. కూటమి ఆపింది.

లంకసీమ వాణిలో ఎవడో మగమనిషి వార్తలు చదువుతున్నాడు. ఎండిపోయిన గొంతు.

మధ్యాహ్నం త్రినాథ్ పడవలో వీరమణిని దించి వెళ్ళాడు. చేతిలో ఒక సంచి. గట్టు మీద ఇక ఏ మైకు దగ్గరా కూర్చోకూడదని అక్కడి పెద్దలు చెప్పేశారట. "గోల తగ్గాక వచ్చి తీసుకెళ్తానన్నారక్కా. నాలుగు రోజులు ఉంటాను" అంది.

నాలుగు రోజులట! గంటలోపే మా తెప్ప మీద తిరునాళ్ళయింది. ఒకరు చేపలు, ఒకరు గోంగూర, ఒకరు పసిపిల్లని ఎత్తుకొచ్చి దాని ఒళ్ళో పెట్టారు. ఇన్నేళ్ళు ఎండనక వాననక పిలిచాను, ఒక్కళ్ళు ఒక్క చేప తెచ్చారా నాకు?

అది తెప్ప అంచున పడుకుని నీళ్ళల్లోకి చూసింది. చాలాసేపు చూసింది.

"అక్కా, ఏం కనపడట్లేదే. అంతా బురద."

"నిన్న కనపడింది."

"అబద్ధం."

"అవును, అబద్ధమే. నువ్వేడిస్తే చూద్దామని చెప్పాను."

తిడుతుందనుకున్నాను. లేచి కూర్చుంది. "నేనూ ఒకటి చెప్తాను, విను. రోజూ మీ బూరలు గట్టు మీదికి సన్నగా ఇనపడేయి. నువ్వు పిలిస్తే అందరూ పలికేవోళ్ళు. నేను రోజంతా మాటాడతాను, రేడియోకి ఎవరు పలుకుతారే? నిన్ను తలుచుకుంటే ఒళ్ళు మండేదక్కా."

దానికి నన్ను చూసి ఒళ్ళు మండిందట. జామచెట్టు పెట్టుకుని! నవ్వాలో, ఒక్కటి ఇవ్వాలో తెలీలేదు. నవ్వలేదు.

సాయంత్రం ప్రకాశం గారు వచ్చారు. కూటమి శుక్రవారం ఇంకొక్క అవకాశం ఇస్తుందట. కొత్త పేరుతోనే పిలవాలి. పలికితే సరి. పలకకపోతే చేర్చుకున్నది రద్దు. మళ్ళీ నాచు పడవలకి దేవుడే దిక్కు. అంతా చెప్పి, వీరమణి వైపు చూసి, చప్పున నా వైపు తిరిగి, గడ్డం గోక్కున్నారు. పాపం పెద్దమనిషి, నోరు రావడం లేదు.

"అదే పిలుస్తాదండి" అన్నాను. "నా గొంతు వింటే వీళ్ళకి కత్తే గుర్తొస్తది ఇక."

"ఆయ్, మరి నువ్వమ్మా?"

"నేనేం చేత్తానండి? అందరూ ఏం చేత్తారో అదే."

లోపలికెళ్ళి కూర రుచి చూస్తే చేదుగా ఉంది. ఉప్పు ఎక్కువైందని అందరితో చెప్పాను.

శుక్రవారం. గాలి లేదు. అల లేదు. పిలిచింది వీరమణి.

మా తెప్ప అంచున నిలబడ్డాను. సింహాచలం బూర తెచ్చి ఇచ్చాడు. చేత్తో పట్టుకుంటే బరువుగా ఉంది. ఎక్కడ పెదవి ఆనించాలో కూడా తెలీదు నాకు. నేనెప్పుడూ పిలిచేదాన్నే, నన్ను ఎవరూ పిలవలేదు.

"తూర్పు లంకసీమా... ఉన్నావా?"

ఆ పాడు పేరు దాని నోట్లో ఎంత బాగుందో! అరవై ఏళ్ళుగా అదే పేరన్నట్టు పిలిచింది. నా గుండెల్లో మంట గొంతుదాకా వచ్చింది.

ఎవరూ పలకలేదు. ఓబులమ్మ బూర చేతిలో పట్టుకుని నా వైపు చూస్తోంది. అవతలి తెప్పలవాళ్ళూ అంతే. చూస్తే అందరూ నా వైపే చూస్తున్నారు. ఇన్నాళ్ళూ పిలిచిన మనిషి ఇప్పుడేం చేస్తుందో చూస్తున్నారు. నేను బూర కింద పెట్టేస్తే చాలు. ఆ పేరు ఈ పూటతో పోతుంది. వీరమణి సంచి సర్దుకుంటుంది. మైకు మళ్ళీ నాది.

వెనక సింహాచలం నాచు వల మడతపెట్టుకుంటున్నాడు. రేపు వెళ్ళాలి కదా.

రెండోసారి పిలిచింది. ఈసారి దాని గొంతు కొంచెం వణికింది. అమ్మ మీద ఒట్టు, వణికినా బాగానే ఉంది.

బూర నోటికి పెట్టుకున్నాను. మొదట గాలే వచ్చింది. కుళ్ళు, ఏడుపు, కోపం, లోపల ఎంతుందో అంతా కూడదీసుకుని మళ్ళీ ఊదాను. మోగింది. వంకరగా, పిల్లి అరిచినట్టు మోగింది గానీ మోగింది. ఓబులమ్మ ఊదింది. ఆ వెనక నీళ్ళంతటా మోగింది.

ఇక్కడున్నన్నాళ్ళూ లాగ్ పుస్తకం రాయాల్సింది ఇకనుంచి వీరమణి. దానికి రూలు చెప్పాను, గాలి, అల, పలికినవాళ్ళు, పలకనివాళ్ళు, అంతకు మించి రాయకూడదని. ఇవాళ్టిది మాత్రం నేనే రాస్తానన్నాను. తెప్పలన్నీ పలికాయి. మొదట పలికిన తెప్ప నాది.